చెవికి ఒకటే, రాతలో రెండు

తెర మీద: ఆర్కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం.

వాయిస్: నమస్కారం. ఇది ఐఎన్ఎస్ కురుసుర. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి ఈ ఇసుకలోనే మ్యూజియంగా ఉంది. ఇలా కదలకుండా ఉన్నదాన్ని ఇంగ్లిష్‌లో స్టేషనరీ అంటారు. మరి పెన్నులు, నోటుబుక్కులు? అవీ స్టేషనరీయే. పలికితే తేడా తెలియదు, రాస్తేనే బయటపడుతుంది.

తెర మీద: రెండు మాటలూ పక్కపక్కన, చివరి మూడక్షరాలు ఎర్రగా.

వాయిస్: చివర ఎ-ఆర్-వై ఉంటే కదలనిది. ఇ-ఆర్-వై ఉంటే పెన్నూ కాగితం. దీన్ని బట్టీ పట్టొద్దు, కారణం తెలుసుకోండి. మధ్యయుగాల యూరప్‌లో ఊరూరా తిరగకుండా ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలమ్మేవాణ్ని స్టేషనర్ అనేవారు, స్థిరంగా ఉన్నవాడని. అంటే రెండు మాటలదీ ఒకటే వేరు! బేకర్‌కి వై చేరిస్తే బేకరీ అయినట్టే, స్టేషనర్‌కి వై చేరిస్తే అతను అమ్మే సరుకు. ఆ 'ఇ' అక్కణ్నుంచి వచ్చిందే.

తెర మీద: హార్బర్ వైపు వెళ్తున్న యుద్ధనౌక.

వాయిస్: తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు మనది. ఇక్కడి పిల్లల అప్లికేషన్లలో నేవల్ అనే మాట తరచూ పడుతుంది. ఎన్-ఎ-వి-ఎ-ఎల్. రెండో 'ఎ' బదులు 'ఇ' పడితే అది బొడ్డు! కంప్యూటర్‌లో స్పెల్‌చెక్ కూడా దీన్ని పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే రెండూ సరైన మాటలే. మన కళ్లే చూసుకోవాలి.

పోర్టులో ఓడ ఆగే చోటు, రైల్లో మనం పడుకునే చోటు, రెండూ బెర్త్, 'ఇ'తో. 'ఐ'తో రాస్తే పుట్టుక. మనం బెర్త్, బర్త్ అని విడిగా పలుకుతాం కాబట్టి రాతలో పెద్దగా తడబడం. ఇంగ్లిష్ వాళ్లు రెండూ ఒకేలా పలుకుతారు, చిక్కంతా వినేటప్పుడే.

తెర మీద: ఓడ పక్కన సరుకు దించే గట్టు.

వాయిస్: ఈ గట్టు పేరు క్యు-యు-ఎ-వై. క్వే అనకండి, తాళంచెవి లాగే 'కీ' అనాలి. ఒకప్పుడు రాత కూడా తాళంచెవి లాగే ఉండేది. తర్వాత ఫ్రెంచ్ చూసి స్పెల్లింగ్ మార్చుకున్నారు, పలుకు మాత్రం మార్చలేదు.

తుఫానప్పుడు చెప్పే వెదర్‌లో 'ఇ-ఎ' ఉంటుంది. ఔనా కాదా అనే వెదర్ డబ్ల్యు-హెచ్‌తో మొదలవుతుంది, వాట్, వెన్, వేర్‌ల కుటుంబం కదా.

ఇప్పుడు కాగితం తీయండి. 'ద నేవల్ షిప్ వాజ్ స్టేషనరీ ఎట్ ద కీ.' వీడియో ఆపి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి కామెంట్‌లో పెట్టండి. ప్రతి ఒక్కరిదీ చదివి జవాబిస్తాను.