షేర్డ్ డ్రైవ్‌లో గిట్: ఒకసారి పుష్ అవుతుంది, ఒకసారి కాదు, ఎందుకు?

హోస్ట్: అన్నా, మన అనంతపురం సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లో నలుగురైదుగురు కలిసి నెట్‌వర్క్ డ్రైవ్‌లోనే గిట్ రిపో, అంటే కోడ్ మార్పుల చరిత్రంతా దాచే ఫోల్డర్, పెట్టుకుంటారు. పొద్దున పుష్ అయిన, అంటే తన మార్పులు అందులోకి పంపగలిగిన మనిషికే మధ్యాహ్నం పర్మిషన్ లేదంటుంది. అదేం ఖర్మ?

అతిథి: ఖర్మ కాదు తమ్ముడూ, దానికో లెక్కుంది. గిట్ తాను దాచే ప్రతి ముక్కకూ, అంటే ఆబ్జెక్ట్‌కూ, మామూలుగా 40 అక్షరాల పేరు పెడుతుంది. అందులో మొదటి రెండు అక్షరాలే ఫోల్డర్ పేరు. అలాంటివి 256 దాకా ఉండొచ్చు. ఏ ఫోల్డర్‌ను ముందు ఎవరు పుట్టించారో అది వాళ్లది. నీ ఆబ్జెక్ట్ నువ్వు చేసిన ఫోల్డర్‌లో పడితే పోతుంది. పక్కసీటాయన ఫోల్డర్‌లో పడిందా, అక్కడే ఆగిపోతుంది.

హోస్ట్: అందుకే విసుగొచ్చి అంతా 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, ఇచ్చేస్తారు.

అతిథి: వద్దు, దయచేసి వద్దు. ఇప్పుడున్న ఫోల్డర్లు తెరుచుకుంటాయి గానీ, యూమాస్క్ (కొత్తగా పుట్టేవాటికి ఏ హక్కులు కోయాలో చెప్పే సెట్టింగ్) 022 ఉంటే రేపు పుట్టే ఫోల్డర్‌లో గ్రూప్‌కు రాసే హక్కు మళ్లీ ఉండదు. పైగా ఆ సర్వర్‌లోకి వచ్చిన ఎవరైనా మీ చరిత్రంతా చెరిపేయొచ్చు. ఎన్నాళ్ల కష్టం అది!

హోస్ట్: మరెట్లా?

అతిథి: సర్వర్ లినక్స్ అనుకో. అందరినీ ఒక గ్రూప్‌లో చేర్చు. రిపో మొత్తాన్ని ఆ గ్రూప్‌కు మార్చు. ఫోల్డర్లకు గ్రూప్ రాసే హక్కు, సెట్‌జీఐడీ బిట్ రెండూ పెట్టు. అప్పుడు లోపల పుట్టేదంతా అదే గ్రూప్‌కు వస్తుంది. తర్వాత గిట్ కాన్ఫిగ్‌లో కోర్ డాట్ షేర్డ్‌రిపాజిటరీ విలువ గ్రూప్ అని రాయి. ఆబ్జెక్ట్ ఫైళ్లు రీడ్ ఓన్లీగా కనిపిస్తాయి, కంగారుపడకు, అవి అలాగే ఉండాలి.

హోస్ట్: విండోస్ నుంచి సాంబా షేర్‌కు, అంటే లినక్స్ ఫోల్డర్‌ను విండోస్‌కు చూపించే దారిలో, వచ్చేవాళ్లకో?

అతిథి: సాంబాలో కొత్త ఫోల్డర్లకు ఏ హక్కులు ఉండనివ్వాలో చెప్పే డైరెక్టరీ మాస్క్ డిఫాల్ట్‌గా 0755. గ్రూప్ రాసే హక్కును అదే కోసేస్తుంది. ఫోర్స్ గ్రూప్ అనే సెట్టింగ్‌లో మన గ్రూప్ పేరు పెట్టి, మాస్క్‌లు కూడా అక్కడే సరిచేయాలి.

హోస్ట్: 'డ్యూబియస్ ఓనర్‌షిప్' అని ఇంకో ఎర్రర్ వస్తుంది కదా?

అతిథి: అది వేరే. 2022 ఏప్రిల్‌లో గిట్ 2.35.2 వెర్షన్‌తో వచ్చిన భద్రతా తనిఖీ. ఫోల్డర్ ఓనర్ నువ్వు కాకపోతే గిట్ ఆగుతుంది. గిట్ కాన్ఫిగ్‌లోని సేఫ్ డాట్ డైరెక్టరీలో ఆ ఒక్క రిపో పాత్ ఇవ్వు, స్టార్ పెట్టి అన్నిటికీ తలుపులు తీయకు.

హోస్ట్: ఇంత టెన్షన్ లేకుండా దారే లేదా?

అతిథి: ఉంది. డ్రైవ్ వదిలేసి, అదే సర్వర్‌లో ఒక్క గిట్ యూజర్ చేసి ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌కు భద్రంగా కలిపే పద్ధతి) మీద నడపండి. ఎవరి లాగిన్ కీ వాళ్లది, ఫైళ్ల ఓనర్ మాత్రం ఒక్కరే.