పింఛను నోటీసు వచ్చింది, కేసు కూడా అవుతుందా?

(ఆదివారం ఉదయం జరిగిన న్యాయ సలహా ఫోన్-ఇన్ నుంచి. కాలర్ల పేర్లు తీసేశాం, ఊళ్లు మాత్రం ఉంచాం.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఈ వారం మాకు వచ్చిన మెసేజ్‌లు ఎక్కువగా ఒకే రకంవి. "నోటీసు వచ్చింది, అరెస్టు చేస్తారా?" అని. కొందరికి పింఛను నోటీసు, కొందరికి రేషన్ కార్డుది, ఇంకొందరికి రైతు డబ్బులది. క్రిమినల్ కేసులు చూసే అడ్వొకేట్ మేడం మనతో ఉన్నారు. మేడం, ఇదివరకు అనర్హులని తేలితే కార్డు తీసేసి ఊరుకునేవారు. ఇప్పుడు పోలీసు కేసుల మాట ఎందుకు వినబడుతోంది?

అడ్వొకేట్: ఇదివరకు పట్టుకోవడమే కష్టంగా ఉండేదండీ. చనిపోయినవాళ్ల పేరు లిస్టులో ఉందని ఊళ్లో ఎవరైనా చెబితే తప్ప ఆఫీసుకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆధార్ నంబరు కొడితే కారు, కరెంటు బిల్లు, ఇన్‌కం ట్యాక్స్ అన్నీ బయటికొస్తాయి. అందుకని దొరికేవాళ్లు పెరిగారు. దొరికిన ప్రతివాళ్ల మీదా కేసు పెడుతున్నారా అంటే, లేదు. పీఎం కిసాన్‌లో 42 లక్షల మందికి పైగా అనర్హులకు దాదాపు 3,000 కోట్లు వెళ్లాయని 2021లో కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. వాళ్లందర్నీ కోర్టుకు ఈడుస్తారా? డబ్బు వెనక్కి కట్టమన్నారు, అంతే.

యాంకర్: మరి కేసులు ఎవరి మీద?

అడ్వొకేట్: కాగితం పుట్టించినవాళ్ల మీద. అదే పీఎం కిసాన్‌లో 2020లో తమిళనాడులో పెద్ద గొడవ అయింది. వ్యవసాయ శాఖ లాగిన్, పాస్‌వర్డ్ బయటివాళ్ల చేతికి వెళ్లి, రైతులు కానివాళ్ల పేర్లు లక్షల్లో ఎక్కాయి. సీబీ-సీఐడీ అరెస్టు చేసింది కాంట్రాక్టు సిబ్బందిని, బ్రోకర్లను. పేర్లు ఎక్కినవాళ్ల ఖాతాల నుంచి డబ్బు వెనక్కి లాగారు. మన తెలంగాణ గొర్రెల పంపిణీ కూడా అలాంటిదే. గొర్రెలు అమ్మిన ఆంధ్రా రైతులకు చేరాల్సిన డబ్బు వేరే ఖాతాల్లో పడిందని 2024లో ఏసీబీ పశుసంవర్ధక శాఖ అధికారులను అరెస్టు చేసింది. గొర్రెలు తీసుకున్న యాదవ సోదరుల్ని కాదు.

యాంకర్: సరే, మొదటి కాలర్ వరంగల్ నుంచి. చెప్పండన్నా.

కాలర్ (వరంగల్): నమస్తే మేడం. మా నాయన ఫిబ్రవరిలో చనిపోయిండు. ఆయనకు ఆసరా పింఛను 2,016 బ్యాంకులో పడేది. చనిపోయినంక కూడా అయిదు నెలలు పడ్డది. ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంది, తీసుకున్నాం. అమ్మకు వితంతు పింఛను పెట్టుకోవాలె గదా, అది వచ్చేదాకా ఇది వాడుకుందాం అనుకున్నాం. ఇప్పుడు మున్సిపాలిటీ నుంచి ఫోన్ వచ్చింది.

అడ్వొకేట్: అమ్మకు రావాల్సింది వేరే, నాన్న పేరున పడింది వేరే అన్నా. ఒకదానికి ఒకటి చెల్లు అని మీకు మీరే లెక్క వేసుకోకూడదు. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆ డబ్బు సర్కారుది. ఒక్క సంగతి అడుగుతా, నిజం చెప్పండి. ఆయన బతికే ఉన్నట్టు ఎక్కడైనా సంతకం పెట్టారా? లైఫ్ సర్టిఫికెట్‌లాంటిది ఇచ్చారా?

కాలర్: లేదు మేడం. ఏమీ ఇయ్యలే. ఊరికే డ్రా చేసుకున్నం.

అడ్వొకేట్: మంచిది. మీరు చెప్పకుండా ఊరుకున్నారు. అది తప్పే. ఇంకొకరు చనిపోయిన తండ్రి పేరు మీద సంతకం పెట్టి కాగితం ఇస్తారు. అక్కడ ఫోర్జరీ వచ్చి కలుస్తుంది. పోలీసుల కంటికి ఈ రెండూ ఒకటి కావు. రేపే డెత్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లండి. అయిదు నెలలు అంటే 10,080 రూపాయలు. "ఫలానా తేదీన చనిపోయారు, ఇన్ని నెలలు డ్రా అయింది, కట్టేస్తున్నాం" అని అర్జీ రాసివ్వండి. డబ్బు చేతికి ఇవ్వొద్దు, ఎవరు అడిగినా సరే. రసీదు వచ్చే పద్ధతిలోనే కట్టండి. అర్జీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.

కాలర్: కడితే కేసు ఉండదా?

అడ్వొకేట్: కట్టినంత మాత్రాన నేరం తుడిచిపెట్టుకుపోతుందని చట్టంలో లేదు. మోసం కేసు అయ్యాక రాజీ కావాలన్నా కోర్టు అనుమతి కావాలి. కాకపోతే మోసం కేసులో ముందు చూసేది దురుద్దేశం ఉందా అని. నోటీసు రాకముందే తనంతట తాను వచ్చి కట్టినవాడికి దురుద్దేశం అంటగట్టడం కష్టం. మీకు ఫోన్ మాత్రమే వచ్చింది కాబట్టి ఇంకా టైమ్ ఉంది. అమ్మ పింఛనుకు అర్జీ విడిగా పెట్టండి, రెండూ ఒకే కాగితం మీద రాయొద్దు.

యాంకర్: తర్వాత కదిరి నుంచి ఒక తమ్ముడు. మాట్లాడు నాయనా.

కాలర్ (కదిరి): అక్కా, మా నాయనకు వికలాంగుల పింఛను వస్తాంది, నెలకు 6,000. 2019లో సదరం సర్టిఫికెట్ చేయించినాం, 45 శాతం. ఇప్పుడు మళ్లీ చూసి 30 శాతమే అన్నారు. నోటీసు ఇచ్చినారు. దొంగ సర్టిఫికెట్ అని కేసు పెడ్తారేమో అని నాయన అన్నం తినడం మానేసినాడు.

అడ్వొకేట్: ముందు ఆయన్ను తినమనండి. శాతం తగ్గడం నేరం కాదు. 40 కంటే తక్కువైతే పింఛను అర్హత పోతుంది, అంతవరకే. ఒక డాక్టరు 45 వేస్తారు, ఇంకొకరు 35 వేస్తారు. కొన్ని సర్టిఫికెట్లు తాత్కాలికానికి ఇచ్చినవి కూడా ఉంటాయి. నోటీసులో అప్పీలు ఎక్కడ పెట్టాలో, ఎన్ని రోజుల్లో పెట్టాలో రాసి ఉంటుంది. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, ఏవైనా ఉంటే పట్టుకెళ్లి మళ్లీ చూడమని అడగండి. ఇంతకీ ఆయన ఇబ్బంది ఏంటి?

కాలర్: కాలు అక్కా. బావిలో పడి విరిగింది. కానీ సర్టిఫికెట్ చెవిటి కింద వచ్చింది.

యాంకర్: చెవిటి?

కాలర్: అవునక్కా. ఒకాయన ఉన్నాడు, ఆస్పత్రి దగ్గరే తిరుగుతా ఉంటాడు. కాలుకైతే శాతం రాదు, చెవికైతే నేను చూసుకుంటా అన్నాడు. దానికి మేము పదిహేను...

అడ్వొకేట్: ఆగు తమ్ముడూ, ఆగు. ఇంక చెప్పొద్దు. ఇది రికార్డవుతోంది, ఎంతమంది వింటున్నారో తెలీదు. ఎంత ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అనేది ఇక్కడ చెప్పే మాట కాదు. మా వాళ్లు నీ నంబరు తీసుకుంటారు, ప్రోగ్రాం అయ్యాక నేనే మాట్లాడతా. లైన్లోనే ఉండు.

కాలర్: సరే అక్కా.

అడ్వొకేట్: ఈ తమ్ముడి సంగతి పక్కన పెట్టి, ఇదే చిక్కులో ఉన్న మిగతావాళ్లకు చెబుతున్నా. లేని వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, అది శాతం తగ్గిన కేసులాంటిది కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 91వ సెక్షన్ ఉంది. వికలాంగులకు ఉద్దేశించిన ప్రయోజనం మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు చీటింగ్, ఫోర్జరీ, దొంగ కాగితాన్ని అసలుదిగా వాడటం. కాగితం 2024 జులై 1కి ముందుదైతే పాత ఐపీసీ కింద, అంటే 420, 468, 471. ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత కింద, చీటింగ్ 318(4). శిక్ష రెండింటిలోనూ ఏడేళ్ల దాకా. ఏడేళ్లు అనగానే భయపడేవాళ్లకు ఇంకో మాట. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు ముందు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి, అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 35(3) నోటీసు. పాత సీఆర్‌పీసీలోని 41ఏ అదే. పిలిచినప్పుడల్లా వెళ్లి సహకరిస్తే మామూలుగా అరెస్టు అవసరం రాదు. సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది ఇదే. నోటీసు వచ్చిందని ఊరు వదిలి బంధువుల ఇంటికి పోతారు చూడండి, వాళ్లే లేనిపోని అరెస్టు తెచ్చుకుంటారు.

యాంకర్: లంచం ఇచ్చినవాడిది కూడా తప్పేనా మేడం? బీదవాడు, అడిగితే ఇచ్చాడు.

అడ్వొకేట్: 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతపెడితే ఇచ్చాను అనేవాడికి ఒక దారి ఉంచారు: ఇచ్చిన ఏడు రోజుల్లోపు ఏసీబీకో పోలీసులకో చెప్పాలి. ఏడేళ్ల తర్వాత గుర్తొస్తే ఆ దారి పనికిరాదు. నాకు నచ్చని చట్టం ఇది, మా కోర్టు క్యాంటీన్‌లో దీని మీద రోజూ వాదించుకుంటాం. ఊరికి ముగ్గురు బ్రోకర్లు తిరుగుతున్నారని అందరికీ తెలుసు. వాళ్లను పట్టుకోవాలంటే డబ్బు ఇచ్చిన ముసలాయన సాక్షిగా రావాలి. తన మీదే కేసు అవుతుందంటే ఆయన ఎందుకు నోరు విప్పుతాడు?

యాంకర్: ఖమ్మం నుంచి అమ్మ చాలాసేపటి నుంచి వెయిటింగ్. చెప్పండమ్మా.

కాలర్ (ఖమ్మం): నమస్కారం బిడ్డా. సీఎం సహాయ నిధి ఇప్పిస్తానని మా ఊరి పిలగాడు ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకపోయిండు. నేను ఆ దవాఖానాకు ఎన్నడూ పోలే. నేను అక్కడ ఉన్నట్టు బిల్లు పెట్టిర్రట. పోలీసోళ్లు స్టేషన్‌కు రమ్మంటున్నరు. నాకు 63 ఏండ్లు.

అడ్వొకేట్: పెద్దమ్మా, తెలంగాణలో ఇలాంటి దొంగ బిల్లుల మీదే 2024 ఆగస్టులో సీఐడీ ప్రైవేటు ఆస్పత్రుల పైన కేసులు పెట్టింది. మిమ్మల్ని సాక్షిగా పిలుస్తున్నారేమో. చేతికి ఇచ్చిన కాగితం మీద సెక్షన్ చూపించుకోండి. 179 అని ఉంటే సాక్షి. 35(3) అని ఉంటే నిందితురాలిగా చూస్తున్నారని. సాక్షి అయితే మీరు స్టేషన్‌కు పోనక్కర్లేదు. ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను ఇంటి దగ్గరే విచారించాలని చట్టం. ఆడవాళ్లకు వయసుతో పని లేదు.

కాలర్: వాళ్లు రాసుకున్నదాని మీద ఏలిముద్ర ఎయ్యమంటే?

అడ్వొకేట్: సాక్షి వాంగ్మూలం మీద సంతకం, వేలిముద్ర తీసుకోకూడదు. ఏం రాశారో చదివి వినిపించమనండి. ఇంతకీ మీ ఖాతాలో డబ్బు పడిందా?

కాలర్: పడ్డది. ఆ పిలగాడు సగం తీసుకున్నడు.

అడ్వొకేట్: అయితే ఒంటరిగా మాట్లాడొద్దు. 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఆ సగం సంగతి ఆ లాయర్‌కు పూర్తిగా చెప్పండి. పోలీసుల దగ్గర ఒకటి, లాయర్ దగ్గర ఇంకొకటి చెబితే మొత్తం పాడవుతుంది.

యాంకర్: నల్గొండ. త్వరగా అన్నా, టైమ్ లేదు.

కాలర్ (నల్గొండ): మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ట్యాక్స్ కడతడు. నాకు పీఎం కిసాన్ వస్తుంది. నేను అనర్హుడినా? కేసు అయితదా?

అడ్వొకేట్: పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. ఉద్యోగం చేసే కొడుకు మేజర్, ఆయన ట్యాక్స్ మీకు అడ్డం కాదు. మీరూ మీ ఇంటావిడా ట్యాక్స్ కట్టనప్పుడు, ఇతర అడ్డంకులు లేనప్పుడు నిశ్చింతగా ఉండండి. రాష్ట్ర పథకాల్లో మాత్రం కుటుంబం అంటే అర్థం వేరు. ఆంధ్రాలో ఒకే బియ్యం కార్డులో ఉన్న కొడుకు ట్యాక్స్ కట్టాడని తల్లి పథకాలు ఆగిపోయిన ఇళ్లు నేనే చూశాను.

యాంకర్: కాకినాడ, ఆఖరి కాల్.

కాలర్ (కాకినాడ): మేడమండీ, రేషన్ బియ్యం మేం తినం. ఇంటికొచ్చి కిలో పది రూపాయలకి కొనుక్కుపోతున్నారు. అమ్మితే జైలా అండి?

అడ్వొకేట్: అమ్మకూడదు, కార్డు పోతుంది. జైలు దాకా వెళ్లేది మామూలుగా మీ దగ్గర కొన్నవాడు, లారీ నడిపేవాడు, మిల్లు. వాళ్ల మీద నిత్యావసర సరుకుల చట్టం 6ఏ కింద సరుకు జప్తు, 7 కింద క్రిమినల్ కేసు. ఏడేళ్ల దాకా పడొచ్చు. ఆ పది రూపాయల కోసం వాడి లెడ్జర్‌లో మీ పేరు ఎక్కడం అవసరమా?

కాలర్: లేదండి, మా అత్తగారు అమ్ముతున్నారండి.

యాంకర్: అయితే అత్తగారికి ఈ ప్రోగ్రాం వినిపించండి. మేడం, ఇంక రెండు నిమిషాలే ఉంది...

అడ్వొకేట్: ఆ కదిరి తమ్ముడు ఇంకా లైన్లో ఉన్నాడా?

యాంకర్: ఉన్నాడట. వాళ్ల నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాడట.

అడ్వొకేట్: పెట్టేయొద్దని చెప్పండి. మైక్ తీసేసి నేనే వస్తున్నా.