పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్: నాన్న తెలుగు టైపింగ్‌తో మూడు నెలలు

నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. ఈ వీడియోకు కారణం నా చేతిలో ఉన్న ఈ ఎస్‌ఎస్‌డీ. హార్డ్ డిస్కు స్థానంలో బిగించే వేగమైన డిస్కు ఇది, ఒక కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. పాత కంప్యూటర్‌లో బిగించి చూపించమన్నారు. బిగించాను, బాగుంది. ఆన్ చేసి కాఫీ కలుపుకుని వచ్చేంత సేపు పట్టే కంప్యూటర్ ఇప్పుడు కుర్చీ జరుపుకునేలోపు తెరుచుకుంటోంది. స్పీడ్ లెక్కలు మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మాట్లాడాలనుకున్నది ఈ డిస్కులో ఏం వేశాననే దాని గురించి.

లినక్స్ మింట్ 22 వేశాను, సినమన్ ఎడిషన్. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే ఇది, కానీ ఉచితం. సినమన్ అనేది దాని స్క్రీన్ రూపం పేరు. మూడు నెలలైంది. రోజూ వాడేది మా నాన్న.

మాది తెనాలి. నాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పద్యాలు రాస్తారు, పాత పాఠాల నోట్సు ఎక్కిస్తారు. ఈ డెస్క్‌టాప్ 2016లో కొన్నది. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. అందులో ఉన్న విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైవి కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది తీసుకునే దారి ఉంది కానీ, 2026 అక్టోబర్ తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న. శుభ్రంగా తిరుగుతున్న మెషీన్‌ని పాత ఇనప సామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

లినక్స్ నాకు కొత్త కాదు. కాలేజీలో ఉన్నప్పుడు ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ వాళ్లు అడిగినవాళ్లకు సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. 2011లో ఆపేశారు. ఆ కవరు వచ్చిన రోజు నాకింకా గుర్తే. ఇష్టంగా వేసుకున్నాను కానీ వైఫై పట్టేది కాదు, బ్రౌజర్‌లో తెలుగు వత్తులు పక్కకు జారి కనిపించేవి. ఆరు నెలలు చూసి వదిలేశాను. అందుకే ఈసారి నేను మొదట చూసింది తెలుగే. ఇక ఇక్కడి నుంచి వీడియో మొత్తం దాదాపు దాని గురించే, ముందే చెబుతున్నాను.

సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కీబోర్డ్, అందులో లేఅవుట్స్. ప్లస్ గుర్తు నొక్కి తెలుగు ఎంచుకోండి. ఏదీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ఇది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కె మీట మీద క, షిఫ్ట్‌తో ఖ. డి కొడితే పొల్లు. జె మీద ర, షిఫ్ట్‌తో కొడితే బండి ఱ. నాన్న మొదటి రోజే వెతికింది ఆ బండి ఱ కోసమే. దొరికాక ఆయన ముఖం చూడాల్సింది. సరళ అని ఇంకో తెలుగు లేఅవుట్ కూడా అక్కడే ఉంది. లేఖిని అనే సైట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లు టైపింగ్‌కు తోడ్పడే ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు వేసుకుని, అలాగే రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టుకోవచ్చు. మా చెల్లి అదే వాడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ చూడండి, నేను సాఫ్ట్‌వేర్ అని కొడుతున్నాను. మామూలుగా కొడితే ఏం వచ్చింది? సాఫ్ట్వేర్. ఫ కింద ట వత్తుతో పాటు వ వత్తు కూడా పడిపోయింది. ఫేస్‌బుక్ కొడితే ఫేస్బుక్. ఇది నాన్నకు చూపిస్తే, "ఏరా, ఇలా రాసిన పిల్లాడికి నేను మార్కులు వేసేవాణ్నా?" అన్నారు. పొల్లును పొల్లుగా నిలబెట్టాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పడాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. విండోస్‌లోనూ అది ఉంది, కానీ మూడు మీటలు కలిపి నొక్కాలి. వయసు మీదపడిన వేళ్లకు అది కష్టం. నాన్న ఇన్నాళ్లూ ఎక్కడో ఒకచోటి నుంచి ఆ మాటను కాపీ చేసి తెచ్చి అతికించుకునేవారు. నాకు ఆ సంగతి ఈ మధ్యే తెలిసింది. తెలిసినప్పుడు చాలా బాధేసింది.

మింట్‌లో ఏముందో చూపిస్తాను. అదే లేఅవుట్స్ పేజీలో ఆప్షన్స్ నొక్కండి. పెద్ద జాబితా వస్తుంది. స్పేస్ మీటతో నాన్ బ్రేకింగ్ స్పేస్ ఇచ్చే వరుస ఒకటి ఉంటుంది, అది తెరవండి. అందులో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఎట్ ది సెకండ్ లెవెల్ అని ఉన్నదానికి టిక్ పెట్టండి. అంతే. ఇప్పుడు షిఫ్ట్ పట్టుకుని స్పేస్ కొడితే చాలు. చూడండి: సా, ఫ్, ట్, షిఫ్ట్ స్పేస్, వే, ర్. సాఫ్ట్‌వేర్. ఇంకోసారి. ఫే, స్, షిఫ్ట్ స్పేస్, బుక్. ఫేస్‌బుక్.

ఈ ఒక్క టిక్ కోసం నేను ఈ సిస్టమ్‌ని ఎవరికైనా చెబుతాను. మీకిది చిన్న విషయంగా కనిపించవచ్చు. రోజూ నాలుగు పేజీల తెలుగు కొట్టేవాళ్లను అడగండి.

ఇలాంటివి ఇందులోకి ఎలా వచ్చాయంటే, దీని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, అందరికీ తెరిచి ఉంటుంది. అవసరమున్నవాళ్లే రాసి కలుపుతారు. ఇంగ్లిష్‌లో ఫ్రీ అనే ఒక్క మాటతో రెండూ చెప్పాల్సి వస్తుంది, మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే పేరుతోనే సంస్థ ఉంది, 2005లో అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. ఆ పని చేసినవాళ్లందరికీ నా నమస్కారం.

ఇక చిరాకు పెట్టిన సంగతి. లిబ్రే ఆఫీస్, మింట్‌తో వచ్చే వర్డ్ లాంటి ప్రోగ్రామ్. ఇందులో తెలుగుకు వేరే ఫాంట్, ఇంగ్లిష్‌కు వేరే ఫాంట్ ఉంటాయి. మీరు ఇంగ్లిష్ ఫాంట్ మార్చి తెలుగు ఎందుకు మారలేదా అని కూర్చుంటారు. నేను ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ అండ్ లోకేల్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర తెలుగు పెట్టాలి. ఆ తర్వాత రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అని పేజీ వస్తుంది, అక్కడ ఫాంట్ ఎంచుకోవాలి. ఇంత లోపల దాచాల్సిన అవసరం లేదు. తెలుగు టైప్ చేసేవాడికి మొదటి రోజే కావాల్సింది ఇది. సరిచేసుకున్నాక మాత్రం మళ్లీ ఇబ్బంది లేదు. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి, రామభద్ర, తెనాలి రామకృష్ణ దించుకున్నాం. పద్యాలకు నాన్న ఏది ఎంచుకున్నారో చెప్పక్కర్లేదు, మాది తెనాలి కదా.

ఇంకోటి, పాత ఫైళ్లు. నాన్న ఒకప్పుడు డీటీపీ సెంటర్‌లో కొట్టించిన పుస్తకం ఫైళ్లు ఉన్నాయి. అవి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే ఇప్పటి పద్ధతి, వాడుకలోకి రాకముందువి. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లు. ఆ ఫాంట్ లేకపోతే ఏ సిస్టమ్‌లోనైనా పిచ్చి గీతలే. ఇది మింట్ తప్పు కాదు. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ప్రతి పేజీ చదువుకోవాలి, వత్తులు తేడా పడుతున్నాయి.

మిగతావి త్వరగా. బ్యాంకు, కరెంటు బిల్లు, యూట్యూబ్ అన్నీ బ్రౌజర్‌లో మామూలుగా నడుస్తున్నాయి. ఫైర్‌ఫాక్స్ దాంతోపాటే వస్తుంది. మా పాత ప్రింటర్ మొదటి రోజు మొండికేసింది, డ్రైవర్ వెతికి వేశాక దారికొచ్చింది. టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంది, సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది, మొదటి రోజే ఆన్ చేసుకోండి. షాపులో టాలీ మీద లెక్కలు రాసేవాళ్లు, ఫొటోషాప్ మీద బతికేవాళ్లు ఆ మెషీన్‌ని మాత్రం కదపకండి. వాటికి లినక్స్ వెర్షన్లు లేవు.

వేసుకోవాలనుకుంటే ఇలా చేయండి. మింట్ సైట్ నుంచి దించుకోవాల్సింది దాదాపు 3 జీబీ ఫైలు, దాన్ని ఎక్కించడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ పట్టాకే ఇన్‌స్టాల్ నొక్కండి. డిస్కు మొత్తం చెరిపే ఆప్షన్ నొక్కితే ఫొటోలు, ఫైళ్లు అన్నీ పోతాయి, ముందు కాపీ తీసుకోండి. నేనైతే పాత హార్డ్ డిస్కు ముట్టుకోలేదు. దాన్ని విప్పి పక్కన పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, దాంట్లో వేశాను. నచ్చకపోతే నాలుగు స్క్రూలు తిప్పితే మళ్లీ పాత కంప్యూటరే. ఆ ధైర్యం ఉంది కాబట్టే నాన్న సరేనన్నారు.

ఆ పాత డిస్కు మీద తేదీ రాసి బీరువాలో పెట్టాం. మూడు నెలల్లో ఒక్కసారే బయటికి తీశాను, నాన్న పుస్తకం ఫైళ్లు కాపీ చేయడానికి. ఇప్పటికి పదకొండు అధ్యాయాలు యూనికోడ్‌లోకి మార్చి దిద్దారు. పన్నెండోది ఇదిగో, వెనక స్క్రీన్ మీద ఉంది. ఆయన భోజనానికి లేచారు కాబట్టి ఈ కుర్చీ నాకు దొరికింది. వచ్చేలోపు లేవాలి. ఉంటాను మరి, నమస్కారం.