వియన్నా కుర్చీ, జడ్చర్ల కాగితం

శ్రోతలకు నమస్కారం. 1987లో అమెరికా పార్లమెంటు సభ్యులు కొందరు ఆరుబయట, కెమెరాల ముందర, జపాన్ కంపెనీ తోషిబా రేడియో ఒకదాన్ని సుత్తులతో పగలగొట్టారు. పాపం, రేడియో ఏం చేసింది!

తోషిబా అనుబంధ సంస్థ ఒకటి సోవియట్ యూనియన్‌కు లోహం చెక్కే భారీ యంత్రాలు అమ్మింది. జలాంతర్గాముల ప్రొపెల్లర్లను చెక్కే యంత్రాలవి. ప్రొపెల్లర్ ఎంత నునుపుగా తేలితే నీళ్లల్ల చప్పుడు అంత తగ్గుతుంది. చప్పుడు తగ్గితే శత్రువుకు జాడ దొరకదు. ఇట్లాంటివి అమ్మొద్దని అప్పట్లో కోకామ్ అనే కూటమి, అంటే అమెరికా, దాని మిత్రదేశాలు, కట్టడి పెట్టింది. మరి ఎట్లా దాటింది? తొమ్మిది అక్షాల యంత్రాన్ని, అంటే తొమ్మిది రకాలుగా కదిలి చెక్కేదాన్ని, కాగితం మీద రెండు అక్షాల మామూలు యంత్రమని రాశారు. అంతే, అనుమతి వచ్చేసింది. ఆ బేరంలో ఉన్న ఒక వ్యాపార సంస్థ ఉద్యోగి కోకామ్‌కు ఉత్తరం రాస్తే గానీ గుట్టు బయటపడలేదు. తోషిబా చైర్మన్, అధ్యక్షుడు ఇద్దరూ రాజీనామా చేశారు.

కోకామ్ పోయింది. 1996లో దాని స్థానంలో, ఆయుధాలు, ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల ఎగుమతి మీద కన్నేసి ఉంచే వాసెనార్ ఒప్పందం వచ్చింది. కార్యాలయం వియన్నాలో. మన దేశం 2017లో చేరింది. 2023లో ఏడాదిపాటు అధ్యక్ష స్థానంలో మన రాయబారే కూర్చున్నారు. అక్కడ ఓట్లు ఉండవు, అందరూ సరేనంటేనే నిర్ణయం. ఎగుమతి లైసెన్సు మాత్రం ఏ దేశానికి ఆ దేశమే ఇస్తుంది.

అధ్యక్షుడన్నవాడు అందరి మాటా వినాలి. తన దేశం మాట కూడా ఆయనే వాదిస్తే ఆ కుర్చీకి విలువేముంది? అందుకే విదేశంలో ఉన్న మన అధికారి పాత్ర ఢిల్లీలో ముందే తేలాలంటాను. ఆయన సభ నడుపుతాడా, మన పక్షాన మాట్లాడతాడా, విన్నది రాసి పంపుతాడా? మూడూ ఒక్కడి నెత్తిన పెడితే ఏదీ సరిగ్గా జరగదు. ఆయన పక్కన యంత్రం తెలిసినవాడు ఒకరు, రసాయనం తెలిసినవాడు ఒకరుండాలి. రెండు అక్షాలకు, తొమ్మిదింటికి తేడా చెప్పేది వాళ్లే గదా.

ఇదంతా మనకెందుకంటారా? జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలున్నాయి. మందుల తయారీలో వాడే థయోనిల్ క్లోరైడ్‌తోనే యుద్ధాల్లో వాడే విషవాయువు మస్టర్డ్ గ్యాస్ కూడా చేయొచ్చు. అందుకే అది మన స్కోమెట్ జాబితాలో, అంటే ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల జాబితాలో ఉంది, ఎగుమతికి షరతులున్నాయి. ఇట్లాంటి సరుకు పంపేవాళ్లకు ఒక్కటే మాట. కొనేవాడు ఇచ్చే వినియోగ ధ్రువపత్రాన్ని చదవకుండా ఫైల్లో పెట్టకండి. సరుకు చివరికి ఎవరికి చేరుతుంది, ఏ ఫ్యాక్టరీలో, దేనికి వాడతారు? ఈ మూడూ పేర్లతో సహా ఉండాలి. "పారిశ్రామిక అవసరాలకు" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే ఒప్పుకోవద్దు, తిరిగి అడగండి. అనుమానముంటే లారీ ఎక్కించకముందే డీజీఎఫ్‌టీ వాళ్లను, అంటే విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర కార్యాలయం వాళ్లను అడగండి, లారీ ఎక్కించకముందే! సెలవు.