ఒహాయోలో అసలు పెద్ద నగరం ఏది?

(తెరపై అమెరికాలోని ఒహాయో రాష్ట్ర పటం. ఉత్తరాన క్లీవ్‌లాండ్, నడుమ కొలంబస్, నైరుతి మూలన సిన్సినాటి.)

నమస్కారం. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి ప్రకారం, వార్త మొదట్లో అమెరికా ఊరి పేరు రాస్తే పక్కన రాష్ట్రం పేరు కూడా రాయాలి. 30 నగరాలకు మాత్రం ఆ అవసరం లేదు. వాటి పేరు చెబితే చాలు, ఎక్కడున్నాయో పాఠకుడికి తెలుసునని వారి నమ్మకం. ఆ జాబితాలో ఒహాయో నుంచి క్లీవ్‌లాండ్, సిన్సినాటి ఉన్నాయి. రాష్ట్ర రాజధాని, పైగా జనాభాలో మిగతా రెండింటినీ కలిపినా మించిపోయే కొలంబస్ మాత్రం లేదు.

2020 జనగణనలో కొలంబస్ జనాభా 9,05,748, క్లీవ్‌లాండ్‌ది 3,72,624, సిన్సినాటిది 3,09,317. ఈ అంకెలు చూసి వరుస తేల్చేస్తే పొరపాటే. నగరంతో పాటు దాన్ని ఆనుకుని బతికే శివారు పట్టణాలన్నిటినీ కలిపి మెట్రో ప్రాంతంగా లెక్కిస్తే, సిన్సినాటి సుమారు 22 లక్షలతో ముందుంటుంది, కొలంబస్, క్లీవ్‌లాండ్ రెండూ 21 లక్షలకు అటూ ఇటూగా ఉంటాయి. అంటే కొలంబస్ ఆధిక్యం జనంలో కన్నా సరిహద్దు గీతలో ఎక్కువగా ఉంది.

(తెరపై పాత పటం. కొలంబస్ సరిహద్దు ఏటేటా పెరుగుతుంది.)

ఆ గీత ఎలా జరిగిందో కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. 1950లలో మేయర్ సెన్సెన్‌బ్రెన్నర్ హయాంలో కొలంబస్ ఒక షరతు పెట్టింది. చుట్టుపక్కల కొత్తగా ఇళ్లు కట్టుకునే భూములకు నగరపు మంచినీటి గొట్టం, మురుగునీటి కాలువ కావాలంటే, ఆ భూమి ముందు నగరంలో కలవాలి. పొలాలు ఇళ్లస్థలాలుగా మారుతున్న కాలంలో ఇంతకన్నా బలమైన బేరం మరొకటి ఉండదు. క్లీవ్‌లాండ్ ఈరీ సరస్సు నీటిని శివార్లకు అందించింది కానీ వాటిని తనలో కలుపుకోలేకపోయింది. లేక్‌వుడ్, క్లీవ్‌లాండ్ హైట్స్ వంటివి సొంత మునిసిపాలిటీలుగానే మిగిలి, నగరం చుట్టూ దడి కట్టినట్టు నిలిచాయి. సరిగ్గా అప్పుడే జనం శివార్లకు తరలిపోవడం మొదలైంది, ఆ తర్వాత ఉక్కు పరిశ్రమా కుంగింది.

ఫలితం చూడండి. 1950లో క్లీవ్‌లాండ్ జనాభా 9,14,808, కొలంబస్‌ది 3,75,901. డెబ్బై ఏళ్లలో రెండు ఊళ్లూ దాదాపుగా అంకెలు మార్చుకున్నాయి.

మరి అంకెతో పాటు హోదా కూడా చేతులు మారిందా అంటే, మారలేదనే నా అభిప్రాయం. రాక్‌ఫెల్లర్ 1870లో తన చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ స్థాపించింది క్లీవ్‌లాండ్‌లోనే. ఆ తరాల సంపద అక్కడ సంస్థలుగా గడ్డకట్టింది. దేశంలో అగ్రశ్రేణి అయిదింటిలో ఒకటిగా పేరుపొందిన ఆర్కెస్ట్రా, టికెట్ లేకుండా చూడగలిగే కళా మ్యూజియం, 1921లో మొదలైన క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రి, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని 12 ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల్లో ఒకటి, ఇవన్నీ జనాభా తగ్గినా ఊరు వదిలి వెళ్లలేదు. అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ మూడింటిలోనూ పెద్ద జట్లున్నాయి. సిన్సినాటికి ప్రాక్టర్ అండ్ గాంబుల్, సూపర్‌మార్కెట్ల సంస్థ క్రోగర్ కేంద్ర కార్యాలయాలు, 1869 నాటి తొలి వృత్తి బేస్‌బాల్ జట్టు చరిత్ర ఉన్నాయి. ఆ నగర విమానాశ్రయం మాత్రం ఒహాయో నది దాటి పక్క రాష్ట్రమైన కెంటకీలో ఉంది!

కొలంబస్‌కు శాసనసభ, లక్షమందికి పైగా పట్టే స్టేడియం ఉన్న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం బలం. అక్కడి తెలుగువారిలో చాలామంది “కొలంబస్‌లో ఉంటాం” అంటారు కానీ, ఇంటి చిరునామా డబ్లిన్ అనో పవెల్ అనో ఉంటుంది. ఆ రెండూ కొలంబస్ కలుపుకోని విడి పట్టణాలు. నగరం అన్న మాటకు మనం ఇచ్చే అర్థం పటం మీది గీతను పట్టించుకోదని ఈ ఒక్క అలవాటే చెబుతుంది.

అందుకే నా వరుసలో క్లీవ్‌లాండ్ మొదటిది, సిన్సినాటి రెండోది, కొలంబస్ మూడోది. అయితే మూడింటిలో గట్టిగా ఎదుగుతున్నది కొలంబస్ ఒక్కటే. ఉద్యోగం వెతుక్కుంటూ ఒహాయో వచ్చే యువకుడికి నా వరుసతో పని లేదు. అతడు ఇల్లు అద్దెకు తీసుకునేది ఎక్కువగా అక్కడే.