స్లాష్ లేని గన్స్ అండ్ రోజెస్‌కి టికెట్ కొన్నవాళ్లం

నమస్కారం అండీ. ఇవాళ కాస్త గోలగా ఉండే సంగీతం గురించి మాట్లాడుకుందాం. భయపడకండి, వినిపించను, ముచ్చట మాత్రమే.

2012 డిసెంబర్ 6, గురువారం రాత్రి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే స్లీపర్ బస్సు ఎక్కాం నలుగురం, నలుగురికీ నల్ల టీషర్టులే. మర్నాడు సాయంత్రం అక్కడ గన్స్ అండ్ రోజెస్ కచేరీ. ఆ బ్యాండ్ మన దేశానికి రావడం అదే మొదటిసారి. హాస్టల్ రోజుల్లో క్యాసెట్ రీలు సాగిపోతే పెన్సిల్‌తో తిప్పి తిప్పి విన్నవాళ్లం, ఇంకేం కావాలి చెప్పండి. అయినా బస్సు షాద్‌నగర్ దాటకముందే గొడవ మొదలైంది.

"స్లాష్ లేకుండా అది గన్స్ అండ్ రోజెస్ ఎట్లయితదిరా?"

"మరి టికెట్ ఎందుకు కొన్నవ్?"

"యాక్సెల్ వస్తుండు కదా!"

తెలియనివాళ్ల కోసం చెబుతాను. యాక్సెల్ రోజ్ అంటే ఆ బ్యాండ్ గాయకుడు. స్లాష్ అంటే తల మీద పొడుగాటి నల్ల టోపీ, మొహం కనపడనివ్వని ఉంగరాల జుట్టు, పాట మధ్యలో గొంతు ఆగిపోయినప్పుడు గిటార్‌తో ఏడిపించే మనిషి. ఇద్దరికీ చెడింది, 1996లో స్లాష్ వెళ్లిపోయాడు. 1987లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోని అయిదుగురిలో చివరికి యాక్సెల్ ఒక్కడే మిగిలాడు, పేరు కూడా అతని దగ్గరే మిగిలింది. మేం బెంగళూరు వెళ్లింది ఆ పేరు కోసమన్నమాట.

కచేరీలో యాక్సెల్ పియానో ముందు కూర్చుని 'నవంబర్ రెయిన్' ఎత్తుకున్నాడు. ఆ పాటలో గిటార్ సోలో వచ్చేచోటు మాకు నిద్రలో కూడా తెలుసు. అది వచ్చింది, వాయిస్తున్నది వేరే మనిషి. బస్సులో రాత్రంతా వాదించిన మావాడి వైపు చూశాను. కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు, సోలో అయ్యేదాకా తెరవలేదు. తర్వాత అడిగితే, "కళ్లు మూసుకుంటే స్లాషే వాయించినట్టుందిరా" అన్నాడు. డబ్బులు పెట్టి, రాత్రంతా బస్సులో వెళ్లి, స్టేజీ ముందు కళ్లు మూసుకున్నాడు చూడండి, అభిమాని అంటే వాడే.

సరే. విచిత్రం ఏమిటంటే, మూడున్నరేళ్ల తర్వాత ఇదే యాక్సెల్ రోజ్ ఇంకో బ్యాండ్‌లో వేరొకరి ఖాళీలో నిలబడాల్సి వచ్చింది. ఆ కథే ఇవాళ కాస్త నిదానంగా చెప్పాలని వచ్చాను.

ఏసీడీసీ అని ఆస్ట్రేలియా బ్యాండ్. మాల్కమ్ యంగ్, యాంగస్ యంగ్ అని అన్నదమ్ములు 1973లో మొదలుపెట్టారు. యాంగస్ ఇప్పటికీ స్కూలు యూనిఫాం నిక్కరు వేసుకుని గిటార్ పట్టుకుని స్టేజీ అంతా పరుగెత్తుతాడు, ఫొటో ఎక్కడో చూసే ఉంటారు. వాళ్ల గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయాడు. అప్పుడు ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వైపు నుంచి బ్రయాన్ జాన్సన్ వచ్చాడు. వాళ్లు తెచ్చిన ఆల్బమ్ 'బ్యాక్ ఇన్ బ్లాక్', పోయిన మనిషి కోసం అట్ట మొత్తం నలుపు, మొదటి పాట గంట మోతతో మొదలవుతుంది. ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్ల కాపీలకు పైగా పోయింది. కొత్త గాయకుణ్ని జనం ఇంతగా నెత్తిన పెట్టుకున్న సందర్భం రాక్ చరిత్రలో నాకు ఇంకొకటి తట్టదు. మన దగ్గర చూడండి, ఘంటసాల గారు పోయాక రామారావు గారి పెదాల మీద బాలు గొంతు ఒప్పుకోవడానికి మా ఇంట్లో పెద్దాళ్లకి ఏళ్లు పట్టింది.

2016 మార్చి 7. మర్నాడు అట్లాంటాలో కచేరీ. డాక్టర్లు బ్రయాన్‌తో వెంటనే టూర్ ఆపేయాలి, లేదంటే పూర్తిగా చెవుడు వచ్చే ప్రమాదం ఉందన్నారు. అమెరికాలో మిగిలిన 10 కచేరీలు వాయిదా వేస్తున్నామని బ్యాండ్ ప్రకటించింది. అంతవరకు అందరూ అయ్యో అన్నారు. ఆ ప్రకటనలోనే ఇంకో మాట ఉంది, ఆ కచేరీలు తర్వాత పెడతాం, బహుశా ఒక అతిథి గాయకుడితో అని. 36 ఏళ్లు గొంతు చించుకున్న మనిషి చెవులు పోతున్నాయంటే, ఆ వార్తలోనే అతని చోటు భర్తీ చేసే సంగతి కూడా చెప్పేశారు! అక్కడ పుట్టింది మంట.

మా ఆవిడ తమ్ముడు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ షోకి టికెట్ కొనుక్కున్నాడు పాపం. అది కాస్తా సెప్టెంబర్ 14కి పోయింది. ఏప్రిల్ 16న ఆ అతిథి యాక్సెల్ రోజ్ అని తెలిసింది. ఆ రాత్రే ఫోన్. "బావా, ఆయనకి బాగోలేదంటే అర్థం చేసుకోగలను. కానీ పక్కకి తోసేశారనిపిస్తోంది. పైగా ఎవర్ని తెచ్చారు, టైముకి రాడని పేరున్నవాణ్ని!" రీఫండ్ ఇస్తారట కదా, తీసేసుకో అన్నాను. "అదే ఆలోచిస్తున్నా" అన్నాడు. నాలుగు నెలలు అదే ఆలోచించాడు.

అతనొక్కడే కాదు. బెల్జియంలో ఒక్క కచేరీకే దాదాపు 7,000 మంది టికెట్లు వెనక్కి ఇచ్చేశారు. బ్రయాన్ జాన్సన్ 1980 జూన్‌లో ఏసీడీసీ గాయకుడిగా మొట్టమొదటి కచేరీ చేసింది కూడా బెల్జియంలోనే, నామూర్ అనే ఊళ్లో. ది హూ బ్యాండ్ గాయకుడు రోజర్ డాల్ట్రీ అయితే దీన్ని కరోకే అని తీసిపారేశాడు. ఆయన అనొచ్చో లేదో మీరే చెప్పాలి. 2002 జూన్‌లో టూర్ మొదలవడానికి ఒక్క రోజు ముందు వాళ్ల బేస్ గిటారిస్టు జాన్ ఎంట్‌విసిల్ చనిపోతే, నాలుగు రోజుల్లో ఇంకొకర్ని పెట్టుకుని స్టేజీ ఎక్కిన బ్యాండ్ అది. వాళ్లని తప్పుపట్టడం లేదు. లైట్లు కట్టేవాళ్లు, సౌండ్ వాళ్లు, ట్రక్కులు నడిపేవాళ్లు, ఎందరికో ఆ నెలల కూలీ దాని మీదే ఆధారం. కాకపోతే మన ఇంట్లో జరిగితే కష్టం, పక్కింట్లో జరిగితే కక్కుర్తి.

మే 7న లిస్బన్‌లో మొదటి షో. యాక్సెల్ అప్పటికే పాదం విరగ్గొట్టుకుని ఉన్నాడు. కట్టు కట్టిన కాలు చాపుకుని కుర్చీలో కూర్చుని పాడాడు. ఎగతాళి చేద్దామని వచ్చినవాళ్లు కూడా నోరు మూసుకున్నారు, బాగా పాడాడు మరి. నాకు నచ్చింది గొంతు కాదు. బాన్ స్కాట్ కాలం నాటివి, బ్యాండ్ ఏళ్ల తరబడి పక్కన పెట్టేసిన పాటలు కొన్ని ఆ టూర్‌లో మళ్లీ పాడారు, అవి కావాలని అడిగింది యాక్సెలేనట. నేను బ్రయాన్ చోటుకి రాలేదు, నేను కూడా మీలాగే ఈ బ్యాండ్ అభిమానినే అని పాటలతో చెప్పుకున్నట్టు అనిపించింది నాకు.

సెప్టెంబర్ 14న మావాడు వెళ్లాడు. రీఫండ్ తీసుకోలేదు. రాత్రి రైల్లో తిరిగి వస్తూ ఫోన్ చేశాడు, గొంతు బొంగురుపోయింది. "బాగుంది బావా, అదే బాధ" అన్నాడు. గంట మోగినప్పుడు మాత్రం గొంతుకేదో అడ్డం పడిందట. బాన్ స్కాట్ కోసం పెట్టిన గంట అది, మావాడు బతికున్న బ్రయాన్‌ని తల్చుకుని ఏడ్చాడు.

ఇక్కడ ఒక సంగతి అడగాలి. ఆ టూర్‌లో లేనిది బ్రయాన్ ఒక్కడేనా? కాదండీ. బ్యాండ్ పెట్టిన మాల్కమే లేడు. డిమెన్షియా వచ్చి 2014లో తప్పుకున్నాడు, 2017 నవంబర్‌లో 64 ఏళ్లకే పోయాడు. అతని చోట అన్న కొడుకు స్టీవీ యంగ్ నిలబడ్డాడు. మాల్కమ్ ఎలా వాయించేవాడో చూశారా? వెనక స్పీకర్ల పక్కన నిలబడి ఉంటాడు, కోరస్ రాగానే మైకు దాకా వస్తాడు, ఆ రెండు లైన్లు పాడి మళ్లీ వెనక్కి పోతాడు. పాటంతా అతని కుడిచెయ్యి మీద నడుస్తుంది. అసలు 1988లోనే తాగుడు మానడానికి చికిత్స కోసం మాల్కమ్ అమెరికా టూర్‌కి దూరంగా ఉండిపోతే ఇదే స్టీవీ వచ్చాడు, పోలికలు ఒకటే కావడంతో చాలామంది గుర్తే పట్టలేదు. 2014 తర్వాత కూడా మాల్కమ్ లేడని కళ్లనీళ్లు పెట్టుకున్నారేమో కానీ, టికెట్ వెనక్కి ఇవ్వాలన్నంత కోపం ఎక్కడా నా కంటపడలేదు.

అభిమాని కోపం రావడానికి మనిషి లేకపోవడం చాలదని నాకనిపిస్తుంది. పంపించేశారు అన్న అనుమానం కావాలి. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ పోయాడు, నెల తర్వాత టూర్ మొదలైంది. తెర మీద ఆయన బొమ్మలు, వెనక ఒక్క డ్రమ్స్ మోత, దాంతోనే షో మొదలుపెట్టారు. జనం కళ్లు తుడుచుకుని, ఆయన చోట కూర్చున్న స్టీవ్ జోర్డన్‌కి చప్పట్లు కొట్టారు. బ్లాక్ సబ్బత్ అనే బ్యాండ్ సంగతి వేరు. డ్రమ్మర్ బిల్ వార్డ్ సంతకం పెట్టలేని కాంట్రాక్టు ఇచ్చారని చెప్పి 2012లో బయటే ఉండిపోయాడు, 2017లో బర్మింగ్‌హామ్‌లో వీడ్కోలు కచేరీ కూడా అతను లేకుండానే చేశారు. అభిమానులు దాన్ని మర్చిపోలేదు, క్షమించలేదు. 2025 జూలై 5న అదే ఊళ్లో నలుగురూ మళ్లీ ఒక స్టేజీ ఎక్కితే తప్ప ఆ మంట ఆరలేదు. ఇంకో రెండున్నర వారాలకి వాళ్ల గాయకుడు ఆజీ ఆస్‌బర్న్ పోయాడు. కాస్తలో తప్పింది.

బ్రయాన్ తిరిగొచ్చాడు లెండి, 2020లో ఆల్బమ్, 2023 అక్టోబర్‌లో స్టేజీ. చెవికి కొత్త పరికరాలేవో తయారుచేసి పెట్టారు. ఎడిసన్‌లోని మావాడు ఆ వీడియో నాకు ముగ్గురి ద్వారా పంపాడు.

మొన్న 2025 మే 17న గన్స్ అండ్ రోజెస్ ముంబై వచ్చింది, ఈసారి స్లాష్‌తో. మా నలుగురిలో ఇద్దరమే వెళ్లగలిగాం, ఒకడికి మోకాళ్లు, ఒకడికి ఆఫీసు. బెంగళూరులో కళ్లు మూసుకున్నవాడు నా పక్కనే ఉన్నాడు, ఈసారి రెప్ప వేస్తే ఒట్టు. మర్నాడు ఎయిర్‌పోర్టులో ఫోన్ చూస్తూ, "అరే, డ్రమ్మర్ మారిండంటరా" అన్నాడు. 19 ఏళ్లు వాయించిన ఫ్రాంక్ ఫెరర్ రెండు నెలల ముందే బ్యాండ్ నుంచి వెళ్లిపోయాడు. బెంగళూరులో మా ముందు వాయించింది ఆ ఫెరరే. ముంబైలో ఉన్నంతసేపూ మా ఇద్దరికీ ఆ సంగతే తెలియలేదు.