బాపమ్మ చెయ్యి, నా పుస్తకాల అల్మార

అందరికి నమస్కారం. ఆదివారం పొద్దుగాల ఇంతమంది ఒస్తరని నేను అనుకోలే, ఎనుక కూసున్నోళ్ళకి ఇనవడకపోతే జర చెయ్యి లేపండి, గట్టిగ మాట్లాడుత. నేను ఇక్కడ హన్మకొండలోనే జిరాక్స్, బైండింగ్ షాప్ నడుపుత, ఇరవై ఏండ్లు దాటింది, మీలో చాలామంది థీసిస్‌లు నా చేతుల మీదనే కుట్టు పడ్డయ్. ఇయ్యాల నన్ను పిలిచింది మాత్రం బైండింగ్ గురించి కాదు, మా ఇంట్ల ఒక అల్మార నిండ ఉన్న పచ్చబొట్ల పుస్తకాల గురించి, అంటే టాటూ ఆర్ట్, దాని చరిత్ర మీద వచ్చిన పుస్తకాలు. అవి ఎందుకు కొంటున్న అని అడిగేటోళ్ళు మస్తుమంది, అందుకే మొదలు ఎట్ల మొదలైందో చెప్త.

2009లో ఒక రీసెర్చ్ పిల్లగాడు స్పైరల్ బైండింగ్ కోసం ఓ కట్ట జిరాక్స్ కాగితాలు తెచ్చిండు, 1916లో అచ్చయిన సెంట్రల్ ప్రావిన్సెస్ (ఇంగ్లీషోళ్ళ కాలంల మధ్య భారతంల ఉన్న రాష్ట్రం) తెగలు, కులాల పుస్తకం, ఆర్.వి. రస్సెల్, హీరాలాల్ కలిసి రాసింది, నాలుగు వాల్యూములు, గోండుల గురించి మూడో వాల్యూంలో ఉంటది. పేజీ నంబర్లు సరిచూస్తుంటే గోండుల పచ్చబొట్ల మీద ప్రత్యేకంగ ఒక భాగం కనిపించింది. మన ఆదిలాబాద్ అవతల ఒడ్డు ముచ్చట అది, ప్రాణహిత దాటితే వాళ్ళే. నిలవడి చదివిన. షాపుల ఇంకో ఇద్దరు గిరాకీలు నిలబడ్డరు, అయినా చదివిన.

చదువుతుంటే మా బాపమ్మ చెయ్యి యాదికొచ్చింది. కుడిచేతి మీద తేలు, దాని పైన తులసికోట, ఎడమ చేతి మీద తాత పేరు వంకర అక్షరాలల్ల, గదువ మీద ఒక్క చుక్క. మణికట్టు చుట్టూత చుక్కలు వరుసగ ఉండేటియి. అవి ఐదా, ఏడా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలే. చిన్నప్పుడు ఆ చేతి మీద తల పెట్టుకొని పండుకున్నోన్ని, రోజూ చూసినోన్ని, లెక్క మాత్రం తెల్వదు. ఆమె 2003లో పోయింది, కట్టెల మీద పెట్టినం. "సచ్చినంక ఎంట ఒచ్చేది పచ్చబొట్టొక్కటే బిడ్డా, బంగారం ఇక్కడనే ఉంటది" అని ఆమె అంటుండె, మీ ఇండ్లల్ల కూడ అనే ఉంటరు. ఎంట తీసుకపోయింది, నిజమే, కని మనకు ఏం మిగల్లే. ఒక్క ఫోటోలో కూడ చెయ్యి సాఫ్‌గ కనవడది, అన్ని ఫోటోలల్ల కొంగు కింద చేతులు పెట్టుకొని కూసుంది.

అప్పటిసంది మన పచ్చబొట్ల గురించి ఎవరైనా రాసిన్రా అని దేవులాడుడు మొదలైంది. హైదరాబాద్‌కు పేపర్ లోడ్ కోసం పోయినప్పుడల్ల ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసుడు, ఇంటర్నెట్‌లో ఫ్రీగ దొరికే స్కాన్లు దింపుకొని నేనే ప్రింట్ తీసి కాలికో గుడ్డ బైండింగ్ చేసుకొనుడు. ఎడ్గర్ థర్స్‌టన్, కె. రంగాచారి కలిసి చేసిన దక్షిణ భారత కులాల, తెగల పుస్తకం ఉన్నది, 1909, ఏడు వాల్యూములు, అది మొత్తం స్కాన్ దొరుకుతది. అందులో ఎరుకలోళ్ళ గురించి కావాలంటే 'కొరవ' అన్న పేరు కింద మూడో వాల్యూంలో ఎతకాలె. మనూర్లకు సూదుల కట్ట, మసి డబ్బా పట్టుకొని ఒచ్చిన తల్లులు వాళ్ళే కదా, ఎరుక చెప్పేటోళ్ళు, గంపలు అల్లేటోళ్ళు, జొన్నలకో పాత చీరకో మన ఆడోళ్ళ చేతుల మీద బొమ్మలు పొడిచేటోళ్ళు. కని ఆ పేజీలు చదువుతుంటే నాకు మనసుకు కష్టమైంది, ఆ కళాకారుల గురించి రాసిన దాంట్ల దొంగతనాల ముచ్చట ఎంతుందో చూస్తే మీకే తెలుస్తది. ఆ రోజుల్ల సర్కారే ఎరుకల వాళ్ళ మీద నేరస్తుల ముద్ర వేసింది, 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడ ఒచ్చింది, దేశమంత పూర్తిగ పోయేసరికి 1952 అయింది. మన చేతుల మీద తులసికోట పెట్టిన మనిషిని పుస్తకం దొంగ అని రాసి పెట్టుకుంది. అందుకే ఆ వాల్యూం నా అల్మారలో ఉంటది, పిల్లలు అడిగితే తీసి చూపిస్త, ఎవరు రాసిన్రు, ఏ కండ్లతో చూసిన్రు అని పక్కన కూసోని చెప్త.

ఇట్లనే ఇంకో పుస్తకం ఉంది, 1896లో ఒచ్చింది, హొరేషియో రాబ్లీ అనే బ్రిటిష్ మిలిటరీ ఆఫీసర్ రాసింది, న్యూజిలాండ్ మావోరీల మోకో గురించి. మోకో అంటే మొకం మీద పచ్చబొట్టు, కని సూదితో పొడిచేది కాదు, ఉహి అనే చిన్న ఉలితో తోలు మీద గీత చెక్కుతరు, వేలు పెడితే గాడి తెలుస్తది. ఒకని మోకో ఇంకోనికి ఉండది, తెల్లోళ్ళు భూమి కాగితాలు రాయించినప్పుడు కొందరు పెద్దమనుషులు సంతకానికి బదులు వాళ్ళ మోకోనే బొమ్మ గీసిన్రు. రాబ్లీ 1860ల యుద్ధంల అక్కడ ఉండి దగ్గరనుంచి చూసి మంచిగ బొమ్మలు గీసిండు, బొమ్మలు నిజంగ గొప్పయి. ఆయన కూడబెట్టింది బొమ్మలే కాదు, మావోరీల తలకాయలు కూడ ముప్పై దాటి కూడబెట్టిండు, ఎండబెట్టిన నిజం తలకాయలు. వాటిల్ల చాలావరకు న్యూయార్క్ మ్యూజియంకు అమ్మిండు, వందేండ్లు దాటినంక 2014లో అవి మళ్ళ న్యూజిలాండ్ చేరినయ్. నేను ఈ పుస్తకం తీసినప్పుడల్ల ఒక నిమిషం ఆగుత. ఒకరి తోలు మీద ఉన్నదాన్ని కూడబెట్టుకునేటోనికి అడిగి తీసుకునుడు అనేది మొదలు రావాలె, నేను చేసే పనికి కూడ అదే లెక్క.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ఇష్టమైన ముచ్చట. పసిఫిక్ సముద్రంల మార్కెసాస్ అని దీవులున్నయ్, ఒకప్పుడు అక్కడ మనిషి నెత్తి నుంచి కాలి వేళ్ళ దాక పచ్చబొట్టే. ఫ్రెంచోళ్ళు, చర్చి ఫాదర్లు దాన్ని బంద్ పెట్టిన్రు, పొడిచేటోళ్ళు ఒక్కొక్కరే పోయిన్రు. 1897లో కార్ల్ ఫాన్ డెన్ స్టైనెన్ అనే జర్మన్ ఆయన పోయి, బతికున్న ముసలోళ్ళ దగ్గర కూసోని ఒంటి మీది ప్రతి బొమ్మ గీసి, దాని పేరు ఏందని అడిగి రాసుకున్నడు, 1925లో పుస్తకం మొదటి వాల్యూం ఒచ్చింది, మొత్తం టాటూ మీదనే. అంతకు ముందు 1922లో విల్లోడీన్ హ్యాండీ అనే ఆమె పుస్తకం ఒచ్చింది, ఆమె కూడ అట్లనే ముసలోళ్ళ ఒంటి మీంచి గీసుకున్నది. తర్వాత ఆ ఒళ్ళన్ని మట్టిల కలిసినయ్. కొన్నేండ్లకు ఆ దీవుల పిల్లలు మా తాతల పచ్చబొట్లు మాకు కావాలె అని లేచినప్పుడు వాళ్ళకు దొరికింది ఈ పుస్తకాలల్ల బొమ్మలే, వాటిని ముందర పెట్టుకొని మళ్ళ పొడుసుకునుడు మొదలుపెట్టిన్రు. తోలు మీంచి కాగితం మీదికి, కాగితం మీంచి మనుమల తోలు మీదికి. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలే, ఎందుకంటే మా బాపమ్మ తేలును ఎవరూ గీసుకోలే.

జపాన్‌ల కూడ ఇసొంటిదే ఉంది, తొందరగ చెప్త. 1827 దగ్గర కునియోషి అనే చిత్రకారుడు ఒక పాత కథల ఉన్న 108 మంది వీరులల్ల కొందరిని ఒంటి నిండ పచ్చబొట్లతో గీసి ప్రింట్లు తెస్తే, అవి చూసి ఎడో పట్నం (ఇప్పటి టోక్యో) జనం, ముఖ్యంగ మంటలార్పేటోళ్ళు, అట్లనే వీపు నిండ పొడిపించుకున్నరు. 1872లో సర్కారు నిషేధం పెట్టింది, 1948 దాక ఉంది. నిషేధం ఉన్నన్ని రోజులు కూడ కాగితం మీద బొమ్మలు ఆగలే.

జిరాక్స్ షాపోన్ని కాబట్టి ఇంకొకటి చెప్పకుంటే నాకు పానం ఒప్పది. ఇప్పుడు టాటూ షాపులల్ల గుర్‌ర్ అని మోగే మిషన్ ఉంటది కదా, దానికి పేటెంట్ 1891 డిసెంబర్ 8న న్యూయార్క్‌ల సామ్యూల్ ఓరైలీ అనే ఆయనకు ఒచ్చింది. ఆయన దాన్ని ఎడిసన్ కరెంట్ పెన్ను మీంచి మార్చి చేసుకున్నడు. 1876ల ఎడిసన్ పేటెంట్ తీసుకున్న ఆ పెన్ను దేనికనుకున్నరు, కాపీలు తీసుడుకు! సూది టకటక కొట్టి కాగితానికి సన్న బొక్కలు వేస్తది, ఆ స్టెన్సిల్ మీంచి ఇంకు రోలర్ తిప్పితే కింద కాపీ పడతది, మన పెద్దోళ్ళకు తెలిసిన సైక్లోస్టైల్ కూడ ఆ తొవ్వలనే ఒచ్చింది. అంటే సైక్లోస్టైల్‌కు, టాటూ మిషన్‌కు తాత ఒక్కడే.

ఒంటి లోపల కూడ కాపీ పనే నడుస్తది. మసి రేణువులను తోలు లోపలి కణాలు మింగి పట్టుకుంటయ్, ఆ కణం సచ్చిపోతే మసి బయట పడతది, పక్కకు ఒచ్చిన కొత్త కణం మళ్ళ మింగుతది, 2018ల ఫ్రాన్స్ సైంటిస్టులు ఎలుకల మీద ఇది చూపించిన్రు. నల్ల మసి పైన తోలు పొర ఉండబట్టి మనకు పచ్చగ, నీలంగ కనవడతది, అందుకే మనోళ్ళు మసిబొట్టు అనలే, పచ్చబొట్టు అన్నరు.

ఇగ కొనేటోళ్ళకు రెండు మూడు మాటలు, ఎందుకంటే కొందరు కాలేజీ పిల్లలు నన్ను అడిగిన్రు. కొత్త పుస్తకం ఒచ్చిందని పాతది తూకానికి ఎయ్యకండి. ఆల్ప్స్ మంచుల 1991ల దొరికిన ఐదు వేల మూడు వందల ఏండ్ల మనిషి ఉన్నడు కదా, ఓట్జీ, ఆయన ఒంటి మీద 61 గుర్తులని 2015ల తేలింది, పాత పుస్తకాలల్ల తక్కువ సంఖ్య ఉంటది. ఈజిప్టుల పాతకాలంల పచ్చబొట్లు ఆడోళ్ళకే అని పాత పుస్తకాలు రాసినయ్, 2018ల బ్రిటిష్ మ్యూజియం మమ్మీల మీద ఇన్‌ఫ్రారెడ్ పెట్టి చూస్తే, ఒక మొగాయన చేతి మీద ఉత్త మరక అనుకున్నది అడవి ఎద్దు, కొమ్ముల గొర్రె అని తెలిసింది. రెండు పుస్తకాలు పక్క పక్కన పెడితేనే తెలివి ఎట్ల పెరిగిందో కనవడతది.

రెండోది, బొమ్మల పేజీలు లెక్క పెట్టండి. రాబ్లీ పుస్తకం టైటిల్ పేజీ మీదనే 180 బొమ్మలని ఉంటది, నేను దాని పాత రీప్రింట్ ఒకటి ఆన్‌లైన్ల తెప్పిస్తే మంచి మంచి బొమ్మల పేజీలు బ్లేడుతో కోసి ఉన్నయ్, అమ్మినాయన ఫుల్ కండిషన్ అన్నడు. పైసలు పోతే పోయినయ్, కని కోసినోడు ఆ బొమ్మలను ఫ్రేములు కట్టి అమ్ముకున్నడేమో, ఏ బొమ్మ ఏ మనిషిదో రాసిన పేజీ నా దగ్గర, ఆ మనిషి మొకం ఇంకెక్కడనో, అది నన్ను ఇప్పటికి బాధ పెడతది. మూడోది బైండర్‌గ చెప్తున్న, చినిగిన పేజీకి దయచేసి సెల్లోటేప్ ఎయ్యకండి, పదేండ్లకు పసుపు మరక తప్ప ఏం మిగలదు, సన్న టిష్యూ పేపర్, మైదా జిగురుల కొంచెం మైలుతుత్తం, అంతే. వానాకాలంల వారానికోసారి అల్మార తెరిచి గాలాడనియ్యాలె.

సరే. ఇంత చెప్పినంక నా అల్మారలో మధ్య అర ఒకటి ఖాళీగ ఉంటది, ఇంటికొచ్చినోళ్ళందరు ఇదెందుకు ఖాళీ అంటరు. అది మనది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ఆడోళ్ళ పచ్చబొట్ల మీద పుస్తకం దొరికితే పెట్టాలని ఉంచిన. కొంటే దొరకలే. అందుకే మూడేండ్ల కింద ఆగి ఆలోచించి, షాపుల మిగిలిన ఓహెచ్‌పీ షీట్లు (అవతలిది కనవడే ప్లాస్టిక్ కాగితాలు), సన్న మార్కర్లు సంచిల వేసుకొని తిరుగుడు మొదలుపెట్టిన. మేడారం జాతరల చెట్ల కింద కూసున్న ముసలమ్మలను, ఐనవోలుల బోనం దించి కూసున్న వాళ్ళను, "అమ్మా, నీ చేతి మీది బొమ్మ గీసుకోనా" అని అడుగుత, వద్దంటే దండం పెట్టి ఒస్త, సరే అంటే షీటు చేతి మీద పరిచి గీత మీద గీత దిద్దుత. ఏ వయసుల పొడిపించుకున్నవు, ఎవరు పొడిచిన్రు, మసిల ఏం కలిపిన్రు, దీన్ని నువ్వు ఏమంటవు, ఈ నాలుగు అడుగుత. తల్లిపాలు కలిపిన్రని చెప్పినోళ్ళున్నరు, గుంటగలగరాకు రసం అన్నోళ్ళున్నరు. నేను తేలు అనుకున్నదాన్ని ఒకామె జెర్రి అన్నది, నేను పువ్వు అనుకున్నది ఒకామెకు బండి చక్రం. మన దిక్కు గురించి రాసిన పుస్తకాలల్ల ఒక్కటి కూడ ఇట్ల అడిగి రాసింది నాకు కనవడలే.

ఇప్పటికి 31 మంది చేతులయినయ్. మొన్న సంక్రాంతికి మా ఊరికి పోయిన, బాపమ్మ ఈడు ఆమె ఒక్కతే ఉన్నది, చూపు సరిగ లేదు, నన్ను పేరుతో కాదు బాపమ్మ పేరుతో గుర్తు పట్టింది. షీటు తీస్తుంటే ఆమెనే చెప్పింది, "మీ బాపమ్మ, నేను ఒక్కరోజే పొడిపించుకున్నం, మర్రి కింద, ఆమె ముందు, నేను ఎనుక, మణికట్టుకు ఇద్దరికి ఒక్క తీరు పెట్టింది ఎరుకలమ్మ" అని. గాజులు పైకి జరిపింది. తోలు ముడుతలు పడ్డది, వేలితో సాపు చేసుకుంట లెక్క పెట్టిన, రెండుసార్లు పెట్టిన. ఐదు.

ఆ షీటు ఇక్కడ బల్ల మీద పెట్టిన, వరుసల మొట్టమొదటిది అదే. కింద తెల్ల కాగితం ఉంది, చేతులు తుడుసుకొని ఒక్కొక్కరే ఒచ్చి చూడండి. ఇంట్ల అమ్మమ్మ, బాపమ్మ ఉన్నోళ్ళు ఎవరైనా ఉంటే ఖాళీ షీట్లు ఆ సంచిల ఉన్నయ్, మార్కర్ కూడ తీసుకపోండి.